బంగాళాఖాతంలో శాంతవ్వ దీవి

ఎల్లారెడ్డిలో మండువా బడి అని ఒకటుండేది. పాత లోగిలి. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ వసారాలు, వసారాకొక జమాత్, అంటే తరగతి. చిన్న వాన పడితే ఆరో జమాత్ పిల్లలు ఐదో జమాత్‌లోకి జరిగేవారు. వాన గట్టిదైతే అందరూ పుస్తకాలు నెత్తిన పెట్టుకుని ఏడో జమాత్ వసారాలోకి ఉరికేవారు, ఎందుకంటే కురవని కప్పు అదొక్కటే. ఆ ఏడో జమాత్‌కే ఇప్పుడు ముప్పొచ్చింది.

అక్కడ జుగ్రాఫియా, సైన్సు చెప్పేవాడు గంగారాం పంతులు. ముప్పై ఏళ్లుంటాయి. బక్కపలచటి మనిషి. ముక్కు మీద కోపం, ఆ కోపం ముక్కు దిగకముందే నవ్వు. ఆయనకు ఒక చెడ్డ అలవాటుంది. కలాన్ని సిరాలో ముంచాక ఒకసారి విదిలించనిదే రాయలేడు. ఇంట్లో గోడకు, బడిలో స్తంభానికి, ముందు వరసలో కూర్చున్న పిల్లల అంగీలకు ఆ విదిలింపు చుక్కలుండేవి. ఈ అలవాటును కాస్త గుర్తుంచుకోండి, దానితో పనుంది.

ప్రపంచ యుద్ధపు లడాయి మొదలైన రెండో ఏడు అది. జిల్లాలోని బడులన్నీ తనిఖీ చేసే మొహతమీం సాబు దగ్గర నుంచి ఉర్దూలో ఒక కాగితం వచ్చింది. ఏడో జమాత్‌ను మూడేళ్లు నడిపి చూడమన్నాం, రెండేళ్లు గడిచాయి, పోయినేడు జుగ్రాఫియా, సైన్సుల్లో గట్టెక్కింది నలుగురే. ఈ ఏడు పదిహేడు మందిలో పన్నెండుగురైనా పాసు కాకపోతే జమాత్ ఎత్తేస్తాం, చదవదలచినవాళ్లు కామారెడ్డి పోవచ్చు. ఇదీ సారాంశం.

పోవచ్చు అని రాయడానికి ఏం పోయింది! కామారెడ్డి ఇరవై అయిదు మైళ్లు. అక్కడ గది తీసుకుని పిల్లవాణ్ని ఉంచగలిగిన ఇండ్లు రెండో మూడో. తక్కినవాళ్లలో కొందరు నాగలి పట్టాలి, కొందరు గొర్లు కాయాలి. జమాత్‌లో ఉన్న ఒక్కగానొక్క ఆడపిల్ల రాజమణిని ఊరు దాటించే మాటే లేదు, తెల్లారితే పెండ్లి మాటలు మొదలవుతాయి. గంగారాం ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, ఆ రోజు సరిగ్గా అన్నం తినలేదు.

పిల్లలు మొద్దులు కాదు. అసలు తిప్పలు వేరు. చదువంతా ఉర్దూలో. పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు. నదుల పేర్లు, కొండల పేర్లు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవారు. ఆ నది ఎటు పారుతుందిరా అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. బడికంతా కలిపి ఒక్కటే పటం, దానిలో ఉత్తర భాగాన్ని చెదలు తినేశాయి. ప్రతి పిల్లవాడి చేతిలో ఒక ఖాళీ పటం పెట్టి, నింపిస్తూ, మళ్లీ ఇంకో ఖాళీ పటం ఇచ్చి, మళ్లీ నింపిస్తే తప్ప ఇది తలకెక్కదని గంగారాంకు తెలుసు. కానీ వారానికి పదిహేడు పటాలు చేత్తో గీయాలంటే ఆయనకు ఇంకో నాలుగు చేతులు కావాలి.

అదే విచారంలో ఒక రోజు బడి నుంచి పోతూ ఎదురింటి అరుగు దగ్గర ఆగాడు. అది శాంతవ్వ ఇల్లు. శాంతవ్వ పుట్టిల్లు బిచ్కుంద. పొలాల అమావాస్యకు ఎడ్ల మీద కప్పే పూల బొంతలు కుట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. నూనె పట్టించిన కాగితం మీద నెమలినో మొగ్గనో గీసి, గీత వెంట సూదితో సన్నటి బెజ్జాలు పొడుస్తుంది. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, బొగ్గుపొడి మూటతో పైన తడుతుంది. కాగితం తీస్తే గుడ్డ మీద చుక్కల నెమలి. ఆ చుక్కల వెంట దారం పోతుంది. గంగారాం నిలబడి చూస్తుండగానే మూడు బొంతల మీద మూడు నెమళ్లు దిగాయి.

“అవ్వా, ఒక్క కాగితంతోని ఎన్ని నెమళ్లు దిగుతయి?”

“కాగితం చినిగేదాంక దిగుతయి. ఎందుకు పంతులూ, ఎడ్లు గిట్ల కొన్నవా ఏంది?”

“పదిహేడున్నయి అవ్వా నా దగ్గర. వాటికి నెమలి వొద్దు, దేశం దించాలె.”

శాంతవ్వ సూది ఆపి, పంతులుకు ఎండ దెబ్బ తగిలిందేమోనని చూసింది.

ఆ సాయంత్రమే గంగారాం నూనె కాగితం మీద హిందుస్తాన్ పటం ఎత్తి గీశాడు. ఒడ్డు వంపులు, నదులు, సరిహద్దులు, అన్నీ ఒళ్లు దగ్గర పెట్టుకుని గీశాడు. గీస్తూ కలం విదిలించాడు. విదిలించానని ఆయనకు తెలిస్తే కదా! మర్నాడు శాంతవ్వకు ఇస్తూ గట్టిగా చెప్పాడు.

“దీని మీద ఏమున్నదో అదంత పొడువాలె అవ్వా. నీకు వంకర గీత లెక్క కనిపిస్తది, అది సముద్రపు ఒడ్డు. ఒక్క వంపు తప్పినా ఊర్లకు ఊర్లు నీళ్లల్ల మునుగుతయి.”

“నలభై ఏండ్ల సంది సూది పడుతున్న. నాకు చెప్తున్నవా?” అని శాంతవ్వ కాగితం లాక్కుంది.

మూడు రోజుల్లో పొడిచి ఇచ్చింది. తహసీలు కచ్చీరులో పారేసే రద్దీ కాగితాలు, ఒక పక్క తెల్లగా ఉన్నవి ఏరి తెచ్చాడు గంగారాం. శుక్రవారం సెలవు గనక, వారమంతా చదివింది తిరగేయడానికి గురువారం పెట్టుకున్నాడు. మొదటి గురువారం పొద్దున శాంతవ్వ అరుగు మీద కూర్చుని పదిహేడు సార్లు మూట తట్టింది. పదిహేడు దేశాలు తయారయ్యాయి. వాటికి సవాల్ కాగితాలని పేరు పెట్టి, నల్లబల్ల మీద సవాళ్లు, అంటే ప్రశ్నలు, రాసి, జవాబులన్నీ పటంలో నింపమన్నాడు. పిల్లలు చుక్కలు కలపడంలో మునిగిపోయారు. ఆ వసారాలో అంత నిశ్శబ్దం ఆయన ఎన్నడూ వినలేదు.

ముందుగా తల ఎత్తింది ముత్తయ్య. వాడు కంచరి వాళ్ల పిల్లవాడు. ఏదైనా సరే ఎదురడగనిదే నిద్రపట్టదు, ఒక్క పాఠం తప్ప.

“సార్, గీ దీవి పేరేంది?”

“ఏ దీవిరా? కింద సిలోన్ ఉన్నది గద.”

“సిలోన్ గాదు సార్. మచిలీబందరు ముంగట, సముద్రంల.”

గంగారాం వంగి చూశాడు. బంగాళాఖాతంలో, చింతగింజంత గుండ్రని దీవి. పక్క పిల్లవాడి కాగితం చూశాడు, అక్కడా ఉంది. పదిహేడింటిలోనూ ఉంది. సూది కాగితం తెచ్చి వెలుగుకు పట్టి చూస్తే అర్థమైంది. అది తన సిరా చుక్క. శాంతవ్వ దాని అంచు చుట్టూ ఎంతో శ్రద్ధగా పొడిచింది. గంగారాం ముక్కు ఎర్రబడింది. గుమ్మంలోకి పోయి ఎదురింటి వైపు కేకేశాడు.

“అవ్వా! సముద్రం నడుమ గిదేంది?”

“నాకేమెరుక పంతులూ. నీ కాగితం మీద ఉండె. ఉన్నదంత పొడువుమంటివి. పొడిచిన.”

జమాత్ మొత్తం భళ్లుమంది. కోపం ఎంతసేపో నిలవలేదు, గంగారాం కూడా నవ్వాడు. దాన్ని కొట్టేయండిరా అనబోయాడు. ఇంతలో ముత్తయ్య పటం మీదే చూపు పెట్టి, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

“గంత నీళ్లల్ల ఒక్కటే ఉన్నది. దానికి వానొస్తదా సార్?”

గంగారాం వెనక్కి తిరిగి వాడి పక్కన కూర్చున్నాడు. రెండేళ్లుగా పాఠం చెప్తున్నాడు. ఆ జమాత్‌లో ఎవరైనా వాన గురించి తనంతట తాను అడగడం అదే మొదటిసారి.

“వస్తదో రాదో నువ్వే చెప్పు. గాలి ఏ దిక్కుకెళ్లి వస్తది?”

అంతే, దుమారం లేచింది. నైరుతి గాలి వస్తుందని ఒకడు, అది పడమటి కొండల మీదనే నీళ్లన్నీ ఒలకబోసుకుంటుంది, ఇక్కడికి వచ్చేసరికి దాని దగ్గర ఏముంటుందని ఇంకొకడు. ఉర్దూ ముక్కలు, తెలుగు మాటలు కలగాపులగంగా పడ్డాయి. గంట కొట్టినా లేవలేదు. దీవికి శాంతవ్వ పేరు పెడదామన్నది రాజమణి. పొడిచినామె పేరే దానికి న్యాయమంది.

అప్పటి నుంచి ప్రతి గురువారం దీవి మీద ఒక సవాలుండేది. అక్కడ పొద్దు మనకంటే ఎంత ముందు పొడుస్తుంది? తాగే నీళ్లెక్కడివి? చలికాలంలో చలి ఎంత? పిల్లలు దీవి కోసం పుస్తకం తిరగేసేవారు, తిరగేస్తూ తిరగేస్తూ దేశమంతా నేర్చుకునేవారు. సైన్సుకు కూడా సూది కాగితాలు వచ్చాయి. కన్ను, ఆకు, పువ్వు, జీర్ణకోశం. ఆ చివరిది పొడుస్తూ శాంతవ్వ ముఖం చిట్లించింది.

“ఎవల పేగులు పంతులూ ఇవి? మంచిగ తిన్నోనివేనా? ఒక్క తీరుగ లేవు.”

వారానికొకసారి గడపలో నిలబడి పిల్లలను పలకరించేది కూడా. “నా దీవిల వానలెట్లున్నయిరా?” అని అడిగి, “మస్తుగున్నయి అవ్వా” అంటే తృప్తిపడి పోయేది. చదువురాని మనిషికి సముద్రంలో ఒక జాగా ఉండటం తక్కువ సంగతా మరి!

ఒక్క హన్మండ్లు గురించే గంగారాంకు దిగులుండేది. గొర్ల కాపరుల పిల్లవాడు. స్తంభానికి ఆనుకుని కూర్చుని చుక్కలన్నీ చక్కగా కలిపేవాడు, అడిగినవి రాసేవాడు, నోరు మాత్రం తెరిచేవాడు కాదు. దీవి గురించి అంత గొడవ జరిగినా ఒక్క మాటా అనలేదు. పటం వైపు చూస్తూ కూర్చునేవాడు.

ఎండాకాలం వచ్చింది, పరీక్షలొచ్చాయి. చివరి వారం గంగారాం పిల్లలకు నలభై జాగ్రత్తలు చెప్పాడు. సిరాబుడ్డి ఎడమ పక్క పెట్టుకోవద్దు, అడగనిది రాయొద్దు, పక్కవాడి కాగితం వైపు చూడొద్దు. నల్లబల్ల మీద ఆఖరుసారి పటం గీసి చూపించాడు. బంగాళాఖాతంలోకి వచ్చేసరికి సుద్దముక్క దానంతట అదే తిరిగి దీవి గీసింది. ఆయనకూ తెలియలేదు, పదిహేడు మందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. చెప్పాల్సిన నలభై ఒకటో జాగ్రత్త అదే!

పరీక్ష కామారెడ్డి పెద్ద బడిలో. మూడు బండ్లు కట్టుకుని బయలుదేరారు. వండిపెట్టడానికి శాంతవ్వ తోడొచ్చింది. లింగంపేటలో ఒక మజిలీ చేసి, మర్నాడు పొద్దుగూకక ముందే కామారెడ్డి చేరారు. సగం మంది పిల్లలు రైలును చూడటం అదే మొదలు. ఇంజను కూత వేయగానే ముత్తయ్య బండి మీద నుంచి దూకి, “సార్, ఆవిరి! రెండో సవాలు, ఆవిరికి జాగ ఎక్కువ కావాలె!” అని అరిచాడు. స్టేషన్‌లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. గంగారాంకు గర్వంతో ఛాతీ ఉబ్బింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

మొదటి రోజు సైన్సు బ్రహ్మాండంగా రాశారు. రెండో రోజు జుగ్రాఫియా. తెల్లకాగితం ఇచ్చి హిందుస్తాన్ పటం గీసి నదులు, గాలులు, పంటలు చూపమన్నారు. పిల్లలు ఎగురుకుంటూ బయటికి వచ్చారు. శాంతవ్వ చింతచెట్టు కింద జొన్నరొట్టెలు, పుంటికూర సిద్ధంగా పెట్టింది. గంగారాం మొదటి ముక్క తుంచాడో లేదో, చప్రాసీ వచ్చి మొహతమీం సాబు పిలుస్తున్నాడని చెప్పాడు.

గదిలో సాబు బల్ల మీద పదిహేడు కాగితాలు వరసగా పరిచి ఉన్నాయి. సాబు పెద్దాయన. తెల్లగడ్డం, కళ్లద్దాలు, ముఖంలో విసుగు. వేలుతో చూపించాడు. గంగారాం చూశాడు. పదిహేడు పటాల్లో, మచిలీబందరుకు ఎదురుగా, చింతగింజంత దీవి. పక్కనే ఉర్దూలో పేరు. జజీరె శాంతవ్వ, అంటే శాంతవ్వ దీవి. ఎదురుగా తన సిరా చుక్కే పదిహేడు నోళ్లతో తనను పిలుస్తున్నట్టుంది.

“ఈ శాంతవ్వ ఎవరు?” సాబు ఉర్దూలో అడిగాడు. “ఏ దేశపు నావికురాలు?”

“ఎడ్ల బొంతలు కుడుతుంది సాబ్.”

సాబు కళ్లద్దాలు సవరించుకున్నాడు. పంతులు వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాడు.

“పదిహేడు కాగితాల్లో ఒకే తప్పు, ఒకే చోట, ఒకే పేరుతో. ఒకడు గీస్తే పదహారుగురు చూసి గీశారు. లేకపోతే మీరే గీసి చూపించారు. ఏదైనా నకలు నకలే. ఈ కాగితాలు రద్దు చేస్తున్నాను. జమాత్ సంగతి ఇక వేరే చెప్పాలా?”

గంగారాంకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. రెండూ మింగి, సిరా చుక్క దగ్గర నుంచి సుద్దముక్క దాకా జరిగిందంతా చెప్పాడు. సాబు ముఖం మారలేదు. ఇలాంటి కథలు ఆయన చాలా విని ఉంటాడు.

“సాబ్, ఒక్క మనవి. పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి ఆ దీవి సంగతి అడగండి. నకలైతే అందరూ ఒకటే చెప్తారు. అప్పుడు జమాత్‌తోపాటు నా నౌకరీ కూడా తీసేయండి.”

సాబు గడియారం చూసుకున్నాడు. సాయంత్రం అయిదింటి రైలుకు ఇంకా పొద్దుంది. “ఆ మూలన గోడకు ముఖం పెట్టి నిలబడండి. దగ్గు కూడా వినిపించొద్దు” అన్నాడు.

బడి పంతులు చిన్నపిల్లవాడిలా గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు.

ముందు రాజమణి వచ్చింది. దీవిలో చలి ఎలా ఉంటుందని సాబు ఉర్దూలో అడిగాడు. పిల్ల ఉర్దూలో మొదలుపెట్టి, రెండో మాట దగ్గర తడబడి ఆగిపోయింది. గోడ దగ్గర గంగారాం చెవులు మండాయి. సాబు కలం పక్కన పెట్టి, తెలుగులోనే అన్నాడు. “నీ మాటల్లోనే చెప్పు బిడ్డా. నేనూ ఈ ముల్కులోనే పుట్టిన.”

ఇక ఆ పిల్ల ఆగలేదు.

“చలి తక్కువ సాబ్. సముద్రం తొందరగ కాగది, తొందరగ చల్లారది. అందుకని దాని నడుమ ఉన్న దీవికి ఎండా తక్కువే, చలీ తక్కువే. మా ఎల్లారెడ్డిల చలికాలం రెండు బొంతలు కప్పుకుంటం. ఆడ ఒక్కటి గూడ అక్కెర లేదు. మా శాంతవ్వ ఆడికి పోతే పని దొరకది.”

సాబు ఏదో రాసుకున్నాడు. తర్వాత ముత్తయ్య.

“వానలా సాబ్? అందరికి అయిపోయినంక దానికి మొదలైతయి. మా దిక్కు వానలు పడమటి గాలితోని. దానికేమో చలికాలం ముంగట గాలి తిరుగుతది చూడుండ్రి, అది సముద్రం మీద నీళ్లు తాగి వస్తది. తుఫాన్లు గూడ అప్పుడే. వరి మంచిగ పండుతది.”

ముత్తయ్య తర్వాత వచ్చినవాడు వరి పండనే పండదన్నాడు. ఉప్పు గాలికి వెన్ను నిలవదు, కొబ్బరి ఒక్కటే బతుకుతుందన్నాడు. మరి ముత్తయ్య వరి అన్నాడే అని సాబు అడిగితే, “వానికేమెరుక సాబ్, వాళ్లు కంచరోళ్లు, ఎవుసం చేసిన్రా?” అని తీసిపారేశాడు. గుమ్మం అవతల నుంచి ముత్తయ్య అది విని “చెరువు కింద వరి పెట్టలేదారా?” అని అరిచాడు. చప్రాసీ వాణ్ని చెవి పట్టి అవతలికి ఈడ్చుకుపోయాడు. ఇంకొకడు దీవి పటంలో ఎనభై రెండో నిలువు గీత మీద, ఎల్లారెడ్డి డెబ్భై ఎనిమిది మీద, గీతకు నాలుగు నిమిషాలని వేళ్లు లెక్కపెట్టి, దీవిలో పదహారు నిమిషాలు ముందు తెల్లారుతుందన్నాడు. ఒకడు బావి ఒడ్డుకు దూరంగా, నడి దీవిలో తవ్వాలన్నాడు. మరొకడు అసలు తవ్వొద్దు, వాన నీళ్లు పట్టుకోవాలన్నాడు. ఏ ఇద్దరూ ఒకటే చెప్పలేదు, కానీ చెప్పినదానికి ప్రతివాడూ కారణం చెప్పాడు.

గోడ వైపు తిరిగి నిలబడ్డ గంగారాంకు సున్నం పెచ్చులు తప్ప ఏమీ కనిపించడం లేదు. అయినా ఆయన ముఖం వెలిగిపోతోంది. జమాత్ పోయినా సరే, ఈ ఒక్క మధ్యాహ్నం చాలనిపించింది. ఆ వెంటనే, చాలదు, జమాత్ కావాలి అనిపించింది.

ఆఖరున హన్మండ్లు వచ్చాడు. గంగారాం కళ్లు మూసుకున్నాడు.

సాబు వానలు అడిగాడు. జవాబు లేదు. పంటలు అడిగాడు. లేదు. చలి, ఎండ, నీళ్లు.

“సరే. అక్కడ ఎవరుంటరో అదన్న చెప్పు.”

చాలాసేపటికి హన్మండ్లు నోరు తెరిచాడు. ఆ గొంతు గంగారాంకే కొత్తగా ఉంది.

“ఏడో జమాత్ ఉంటది సాబ్.”

“ఏమన్నవు?”

“ఆడ బడి ఉన్నది. ఏడో జమాత్ దాంక ఉన్నది. దాన్నెవ్వలు మూయలేరు. మూసెటందుకు వొచ్చెటోళ్లకు పడవ దొరకది.”

“ఎందుకు దొరకది?”

“తెల్లారకముందు గాలి ఒడ్డు మీదికెళ్లి సముద్రం దిక్కు కొడ్తది సాబ్. నేల తొందరగ చల్లారుతది గద, అందుకు. పడవలన్ని ఆ గాలికే పోతయి. పొద్దెక్కినంక గాలి తిరుగుతది, సముద్రం మీదికెళ్లి ఒడ్డు దిక్కు కొడ్తది. సాబులు లేచి, చాయ్ తాగి, టోపి పెట్టుకుని వొచ్చేటాళ్లకు ఎదురుగాలి అయితది. పడవ నడువది.”

గంగారాం సాబు మాట మరిచి గోడ నుంచి ఇటు తిరిగాడు. ఏడాదంతా మూగగా కూర్చున్న పిల్లవాడు నేలగాలి, సముద్రపు గాలి పాఠాన్ని పొల్లుపోకుండా చెప్పాడు. చెప్పి, సాబు గడ్డం పట్టుకుని లాగినంత పని చేశాడు. సాబు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నవ్వలేదు, కసురుకోలేదు. “మీరు కూడా వెళ్లండి పంతులు” అని మాత్రం అన్నాడు.

బండ్లు కట్టి స్టేషన్ రోడ్డు మీద నిలిపారు. జవాబు తెలియకుండా కదలబుద్ధి కాలేదు. ముత్తయ్య చెవి రుద్దుకుంటున్నాడు. శాంతవ్వకు సంగతి తెలిసి ఏడుపు మొహం పెట్టింది.

“నా సూది విరగ. నేను జర అడగాల్సుండె పంతులూ, గీ చుక్కేందని.”

“చుక్క నాది అవ్వా. విదిలించింది నేను. నీ సూదిననకు.”

హన్మండ్లు బండి చక్రం పక్కన నేల చూస్తూ నిలబడ్డాడు. గంగారాం పోయి వాడి తల మీద చెయ్యి వేశాడు. తిడతాడేమోనని వాడు బెదిరాడు గానీ, ఆయనకు తిట్టాలని లేదు. ఏమైనా కానీ, ఈ పిల్లవాడు మాట్లాడాడు.

అయిదు కావస్తుండగా సాబు టాంగా వచ్చింది. స్టేషన్ ముందు దిగి, అటు రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి గంగారాం చేతిలో మడిచిన కాగితం పెట్టాడు. పిల్లల వైపు చూసి, హన్మండ్లు ఎక్కడున్నాడో వెతికి, తెలుగులోనే అన్నాడు.

“ఇయ్యాల నేను ఆలస్యంగ లేచిన పంతులు. పడవ దొరకలేదు. అదే రాసిన.”

ఇంజను కూత వేసింది. సాబు టోపీ సర్దుకుంటూ గబగబా లోపలికి పోయాడు.

గంగారాం కాగితం విప్పాడు. పదిహేడుగురూ పాసు. జమాత్ ఇక నడిపి చూసేది కాదు, పక్కాగా నడుస్తుంది. కింద సన్నటి అక్షరాలతో ఇంకొకటి. లేని దీవిని చూపినందుకు ప్రతి కాగితానికి ఒక మార్కు కోత. ఆయన పైకి చదివాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వాళ్లు వేసిన కేకకు మూడు బండ్ల ఎడ్లూ బెదిరి రోడ్డుకు అడ్డంగా తిరిగాయి. రాజమణి శాంతవ్వను పట్టుకుని గిరగిరా తిప్పింది. ముత్తయ్య హన్మండ్లును భుజాల మీదికి ఎత్తుకోబోయి, ఇద్దరూ కలిసి దుమ్ములో పడ్డారు. పడ్డచోటే నవ్వుతూ ఉండిపోయారు.

“నా దీవికి మార్కు కోసిండా?” అంది శాంతవ్వ, ఊపిరి తీసుకుంటూ. “పదిహేడు మంది దగ్గర పదిహేడా? గంత చిన్న దీవికి?”

కామారెడ్డి స్టేషన్ ముందు, వచ్చేపోయేవాళ్లంతా చూస్తుండగా, గంగారాం ఆ కాగితం పట్టుకుని సిగ్గు లేకుండా ఏడుస్తున్నాడు. కాగితం మీద టపటపా చుక్కలు పడుతున్నాయి. శాంతవ్వ చటుక్కున దాన్ని ఆయన చేతిలోంచి లాగి, కొంగుతో అద్ది, జాగ్రత్తగా మడిచింది.

“ఏడ్వకు పంతులూ, సిరా తడుస్తున్నది. మళ్ల ఇంకో దీవి లేస్తది.”